ఎనభై దగ్గర ఆగిన ముల్లు

జడ్చర్ల హైవే పక్కన పాత బండ్ల స్పీడు మీటర్లు బాగుచేసే ఉస్తాద్ పోయాడని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. గుండెపోటు. షెడ్డులో పనికి కూర్చున్నచోటే ఒరిగిపోయాడట. కొన్నేళ్లుగా ఆయన కుడి మణికట్టు వంకరగా ఉండేది. అది ఎలా విరిగిందో నేను చూశాను.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం, వేరుశనగ మూటలతో మార్కెట్‌కు పోతున్న పాత పికప్ ఒకటి షెడ్డుకు ఎదురుగా రోడ్డు దాటుతున్న మనిషిని గుద్దింది. అతను అక్కడికక్కడే చనిపోయాడు. నేను చేరేసరికి జనం డ్రైవర్‌ను కిందికి గుంజి కొడుతున్నారు. ముందు చెప్పులతో, తర్వాత రాళ్లతో. చనిపోయినతని అన్న చేతిలో జాకీ రాడ్డు ఉంది. ఎవరో క్యాబిన్‌లోకి తొంగిచూసి అరిచాడు: “ముల్లు ఎనభై మీదున్నది సూడుర్రి!”

ఆ మాటతో దెబ్బలు పెరిగాయి. డ్రైవర్ పళ్లు రోడ్డు మీద పడ్డాయి. నేను పోలీసులకు, వెంటనే మా పేపర్ ఆఫీసుకు ఫోన్ చేశాను: అతివేగం, గంటకు ఎనభై.

ఉస్తాద్ పానా పట్టుకొని గుంపులోకి దూరాడు. డ్రైవర్ దగ్గరికి కాదు, మీటరు దగ్గరికి. గేర్‌బాక్సు నుంచి వచ్చి ముల్లును కదిపే కేబుల్‌ను మీటరు వెనుక విప్పాడు. అద్దం మీద వేలితో కొట్టాడు. ముల్లు కదల్లేదు. కేబుల్ లోపలి తీగను గుంజితే సగమే వచ్చింది. తెగిన కొసను పైకెత్తాడు.

“కేబుల్ తెగితే ముల్లు సున్నాకు రావాలె. ఇది ఎప్పుడో బిగుసుకపోయింది. గీ తుప్పు సూడుర్రి, గంటల పట్టేది కాదు.”

“జరుగు ఉస్తాద్! నా తమ్ముణ్ణి సంపినోన్ని కాపాడతానవా?” అంటూ చనిపోయినతని అన్న ఆయన కుడిచేతి మీద రాడ్డు దించాడు.

ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఉస్తాద్ తీగను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

“ఇంకోటి కొట్టు. ముందైతే సూడు. వాని తప్పు లేదంటలేను. ఎంత స్పీడో గీ ముల్లుకు తెల్వదంటున్న.”

“మరెంత పోయిండు?”

“నాకూ తెల్వది.”

అన్న ఆ కొసను బొటనవేలితో రుద్దాడు. ఎర్రటి పొడి అంటింది. వేలి వంకే చూస్తూ నిలబడ్డాడు. వెనుక నుంచి ఇంకా రాళ్లు పడుతున్నాయి. “ఆగుర్రిరా!” అని అరిచింది అతనే. డ్రైవర్ ఒక కన్ను పోయింది. ప్రాణం దక్కింది.

తెల్లారి దవాఖానలో ఉస్తాద్ మంచం మీద మా పేపర్ ఉంది.

“ముల్లు ఎనభై మీదున్నదని రాస్తే నిజం, బిడ్డా. బండి ఎనభైల పోయిందని నీకెవలు జెప్పిన్రు?” అన్నాడు. తర్వాత డ్రైవర్‌ను తిట్టాడు: “కేబుల్ మార్చురా అని రెండుసార్లు జెప్పిన. ‘ఇంజను సప్పుడే నా మీటరు ఉస్తాద్’ అన్నడు. నేను గూడ వానికి రెండు పీకేది ఉండె!”

లోపలి పేజీలో మూడు వరుసల సవరణ వేయించాను.

ఆ తర్వాత ఆయన ఎడమచేత్తోనే పనిచేశాడు. ఏ కేబుల్ అయినా బిగించేముందు ఒక కొసను రెండు వేళ్ల మధ్య తిప్పి, రెండో కొసను చూసేవాడు. “గీ కొస తిప్పితే గా కొస తిరగాలె. తిరగకుంటే ముల్లు ఏం జెప్పినా ఇనొద్దు.”

ఆ పికప్ గేర్‌బాక్సు వైపు మిగిలిన సగం తీగ షెడ్డులో మేకుకు వేలాడేది. మొన్న పాడె లేచేముందు ఆ అన్న వచ్చాడు. మేకు నుంచి తీగ తీసి, వేళ్ల మధ్య కాసేపు తిప్పి, మళ్లీ తగిలించాడు. చేతికంటిన తుప్పు తుడుచుకోకుండానే పాడె పట్టాడు. పాడె మీది తెల్లబట్ట అంచున ఎర్రగా అతని బొటనవేలి ముద్ర పడింది.