తబూక్‌లో నేను అడగని ప్రశ్న

ఒకే ఒక్క పదం. ఇన్నేళ్లుగా దాని బరువు మోస్తున్నాను. ఎన్నో తీర్పులు రాసిన ఈ చేయి దాన్ని మాత్రం రాయలేకపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను పదవీ విరమణ చేసిన జిల్లా న్యాయమూర్తిని. కడప సీమవాణ్ణి. తండ్రిగారి వద్ద అరబ్బీ, ప్రాచ్య కళాశాలలో ప్రబంధాలు, ఆ తరువాత న్యాయశాస్త్రం చదివాను. వకాలతు కూడు పెట్టని రోజుల్లో, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, సౌదీ అరేబియాలోని తబూక్‌లో ఒక న్యాయవాది కార్యాలయంలో అనువాదకుడిగా కుదిరాను. ఆయనే నా కఫీలు, ఆ దేశంలో నాకు పూచీదారు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలోనూ, నా రాకపోకలు ఆయన సంతకంలోనూ ఉండేవి.

ఆయన మిత్రుని ఇంట మంచం పట్టిన తల్లికి ఒక నర్సు సేవ చేసేది. గోదావరి జిల్లా క్రైస్తవురాలు. పేరు చెప్పను. ఆ పేరు పలికే హక్కు నాకు లేదు. ముసలామె మరణించాక, ఆమె దాచమని ఇచ్చిన బంగారు హారం నర్సు వద్దనే ఉండిపోయిందని ఆ మిత్రుడు దావా వేశాడు. తన చేతికి ఎవరూ ఏ హారమూ ఇవ్వలేదని ఈమె అంది. ఇంటి దగ్గర పాలు మరిపించి వదలి వచ్చిన కూతురున్నది. ఆ పిల్లను చూడబోయే ప్రయాణం ఖాయమైన వేళ, దావా తేలేదాకా దేశం విడిచే ఎగ్జిట్ అనుమతి లేదన్నారు.

తెలుగు తెలిసినవాడు కావాలని కోర్టు కోరగా నా కఫీలు నన్ను పంపాడు. వాది మిత్రుని వద్ద నౌకరీ చేసే నేను ఆ అనువాదానికి నిలబడరాదని నాకు తెలుసు. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. బయలుదేరేటప్పుడు ఆయన నవ్వుతూనే అన్నాడు: "ఆమె ఎంత అంటే అంతే చెప్పు. వ్యాఖ్యానం నీ పని కాదు. ఊరికి వెళ్ళాలన్నావుగా, నీ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి."

కోర్టు వరండాలో నా మాట విని ఆమె నవ్వేసింది. "మీ తెలుగు కన్నా అరబ్బీయే నయంగా ఉందండి అన్నయ్యగారూ. మా తెలుగు మాస్టారు గుర్తొస్తున్నారు." ఎంతో కాలానికి తన భాష విన్న సంతోషం అది. నన్ను నమ్మింది.

అక్కడి పద్ధతి ఇది: వాదికి సాక్షులు లేకపోతే, ప్రతివాదిని దేవుని పేర ప్రమాణం చేయమంటారు. చేస్తే దావా కొట్టివేస్తారు. నిరాకరిస్తే ఆ నిరాకరణే ఓటమి. వాదికి సాక్షులు లేరు. ఒక్క వాక్యం పలికితే ఆమె ఇంటికి పోవచ్చు.

"ప్రమాణం చేయమంటున్నారమ్మా."

"నేను ఒట్టెయ్యనండి. మా సంఘంలో ఒట్టు పాపమండి, నిజానికైనా సరే. నేను తియ్యలేదు. అంతే చెప్పండి."

"ప్రమాణం చేయదట. తీయలేదంటున్నది" అన్నాను అరబ్బీలో. నడిమి వాక్యం నా గొంతులోనే ఉండిపోయింది.

ఖాజీ వృద్ధుడు. తొందరపడలేదు. కలం కింద పెట్టి నా వైపు చూశాడు. "నిరాకరిస్తే తీర్పు ఎటు పోతుందో ఆమెకు తెలుసా? అడుగు."

అడగవలసింది. అడిగి ఉంటే ఆమె కారణం చెప్పేది, ఆయన వినేవాడు. వినే మనిషి కనుకనే కలం దించాడు. ఆ క్షణాన నాకు కనిపించినది బల్ల మీది నా కాగితాలు మాత్రమేనా? భయమేనా అది? లేక, ఎవరి గతి ఎటు పోతే నాకేమి అనే అంతకంటే చల్లని గుణం నాలో ముందే ఉన్నదా?

"తెలుసు" అన్నాను.

"ఏమంటున్నారండి?" అని ఆమె నన్ను అడిగింది.

"ఏమీ లేదమ్మా. మీ మాట రాసుకుంటున్నారు."

"హమ్మయ్య" అంది.

తీర్పును ఆమెకు తెలుగులో చెప్పినవాణ్ణీ నేనే. హారమైనా దాని విలువైనా ఇచ్చేదాకా దేశం విడిచిపోరాదు. ఆమె ఏడవలేదు. నా నోటి వైపే చూస్తూ నిలబడింది, ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు. కొద్ది రోజులకే నా కాగితాల మీద సంతకం పడింది. నేను వెళ్ళిపోయాను. ఆమె ఎన్నడు ఇల్లు చేరిందో, చేరిందో లేదో, విచారించలేదు. హారం తీసిందో లేదో కూడా ఈనాటికీ తెలియదు. తెలుసుకొనే దారిని మూసినవాణ్ణి నేనే.

మళ్ళీ నల్లకోటు తొడిగాను. ఏళ్ల తరువాత న్యాయమూర్తి పదవికి ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నా అరబ్బు కోర్టు అనుభవాన్ని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు మీద నడిచి పీఠం ఎక్కాను. ఆపైన సాక్షులు ప్రమాణం చేసే ప్రతి ఉదయమూ ఆమె అన్న "హమ్మయ్య" నాకు వినిపించేది. దేవుని పేర ప్రమాణం ఇష్టం లేనివారు ఊరికే ధ్రువపరచి చెప్పవచ్చునని మన చట్టం ఏనాడో అనుమతించింది. ఒకనాడు ఒక క్రైస్తవ వృద్ధురాలు నా ఎదుట అదే కోరింది. అనుమతించాను. ఆమె చేతులు జోడించింది. నేను తల ఎత్తలేకపోయాను. అనువాదకుడు సొంతంగా బదులిస్తే సహించేవాణ్ణి కాను. "ఆమెను అడిగి చెప్పు" అని గద్దించేవాణ్ణి. వకీళ్లు దాన్ని నిష్ఠ అన్నారు. వీడ్కోలు సభలో మచ్చలేని జీవితం అన్నారు. దండ మెడలో పడుతుంటే హారం గుర్తుకు వచ్చింది.

క్షమాపణ కోరడం లేదు. కోరవలసిన మనిషి ఎక్కడున్నదో తెలియదు. మీరు ఇవ్వదగినదీ కాదు. ఆ వృద్ధ ఖాజీ బహుశా ఈ లోకంలో లేడు. అయినా ఆయన కలం ఇంకా కిందనే ఉన్నట్టు, నా వైపే చూస్తున్నట్టు అనిపిస్తుంది. బదులు చెప్పి పోవాలి.

లేదు, అయ్యా. ఆమెకు తెలియదు. నేను అడగలేదు.