ఆరిపోయిన కత్తెరలు

పెడన చేనేత కుటుంబంలో పుట్టిన రేణుక పదహారేళ్లుగా బెజవాడలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు శుభ్రం చేసే గదిలో పనిచేస్తోంది. ఇన్నేళ్లలో ఒకరి చేత మాట పడలేదు.

ఒక ఆదివారం పొద్దున, పొలం బురదలో కాలు నలిగిన మనిషికి వాడిన కత్తెరలు సాయంత్రం దాకా బేసిన్‌లోనే ఉండి ఆరిపోయాయి. ఆ రోజు కుళాయిలో నీళ్లు రాలేదు, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ యంత్రం పాడైంది. నీళ్లొచ్చాక రేణుక వాటిని కడిగి, క్రిములు చంపే మందులో అరగంట నానబెట్టింది. సోమవారం ఉదయం వాటితోనే ఉయ్యూరు రైతు జక్కయ్య మోకాలికి ఆపరేషన్ జరిగింది.

మధ్యాహ్నం ల్యాబ్ డాక్టర్ శ్రీదుర్గ వచ్చినప్పుడు రేణుక మాటల్లో ఆ సంగతి చెప్పింది. ఆవిడ ముఖం మారిపోయింది.

"ఎంతసేపు ఆరాయి?"

"పొద్దున్నుంచి సాయంత్రం దాకానండీ."

"మట్టిలో కొన్ని బ్యాక్టీరియా ఉంటాయి రేణుకా. తిండి అందకపోతే లోపల గింజలాంటిది కట్టుకుంటాయి. అదే స్పోర్. ఏడెనిమిది గంటలు పడుతుంది. మొదట్లో ఏ మందైనా చంపేస్తుంది. పొర మీద పొర పడేకొద్దీ ఒక్కో మందూ పనిచేయకుండా పోతుంది. పూర్తిగా కట్టుకున్నాక నీ మందులో అరగంట చాలదు, పది గంటలు నానాలి."

రేణుక థియేటర్ వైపు తిరిగింది. "అవే మళ్లీ అరగంట నానబెట్టి పంపానండీ. రెండో కేసు లోపలికెళ్లింది."

పరుగున వెళ్లి థియేటర్ తలుపు తోసింది. "సార్, ఆ ట్రే వాడొద్దండీ. తప్పు నాదే."

సర్జన్ దుర్గాశంకర్ "మత్తిచ్చే టైముకా చెప్పేది?" అని అరిచారు. అయినా ఆపరేషన్ ఆపేశారు.

అప్పటికే ఆపరేషన్ అయిపోయిన జక్కయ్య సంగతి మిగిలింది. పూటపూటకీ వార్డుకు వెళ్లి ఆ కట్టు వంక చూసేది రేణుక. అన్నం సహించేది కాదు. రెండో రోజు అతని భార్య రాజ్యలక్ష్మి, "ఏంటమ్మా, ఎందుకిన్నిసార్లొస్తున్నావు?" అని నిలదీస్తే, ఏడుస్తూనే అంతా చెప్పేసింది. ఆవిడ ముఖం తిప్పుకుంది.

మూడో రోజు మోకాలు వాచింది. శ్రీదుర్గ ముందే హెచ్చరించి ఉంచడంతో డాక్టర్లు ఆలస్యం చేయలేదు, గాయం తెరిచి కడిగారు. శ్రీదుర్గ పరీక్షించిన ఆ కత్తెరల మీదా, గాయంలోనూ ఒకే క్రిమి పెరిగిందని రిపోర్టు వచ్చింది.

కాలు దక్కింది. పన్నెండో రోజు జక్కయ్య మంచం పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు రాజ్యలక్ష్మి రేణుక దగ్గర ఆగింది. "నీ మీద కోపం పోలేదమ్మా. కానీ దాచిపెట్టుంటే ఆయన కాలు పోయేది," అని లిఫ్టు వైపు నడిచింది.