బాపుకు మాల వేయించిన పండరి యాత్ర

మా బాపు తాగుబోతు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. బెల్లంపల్లిలో మా క్వార్టర్ల లైన్ వాళ్లందరికీ తెలిసిన సంగతే, దాస్తే దాగేదా? బొగ్గు బాయిలో ఆయనది ఫిల్లరు పని. అంటే పేలిన బొగ్గును తట్టలకెత్తి పట్టాల మీది టబ్బులు నింపడం. ఆ పని ఒక్కడు చేసేది కాదు, జోడీ ఉండాలి. బాపు జోడీ మా పక్కింటాయన. రక్తసంబంధం లేకపోయినా బాపు ఆయన్ని అన్నా అనేవాడు కాబట్టి మేము పెద్దబాపు అనేవాళ్లం. ఒకరోజు పగటి షిఫ్టులో బాయి లోపల కప్పు కూలి ఆయన మీద పడింది. బాపు అప్పుడు నిండిన టబ్బును అవతలికి తోసుకుంటూ పోతున్నాడట, అందుకని బతికాడు.

అంతకుముందు బాపు తాగేవాడు కాదని కాదు. జీతాల నాడు అందరితో పాటు ఆయనా తూలుకుంటూనే వచ్చేవాడు. పెద్దబాపు పోయాక మాత్రం నోరు కడుక్కోకముందే సారా కావాల్సి వచ్చింది. తాగితే గాని బాయి దిగలేడు, తాగినవాణ్ణి బాయి దిగనివ్వరు. నాగాల మీద నాగాలు పడ్డాయి. ఇంక కొన్ని నాగాలైతే పేరు కొట్టేస్తామని ఆఫీసులో చెప్పి పంపారు. పేరు పోతే కంపెనీ ఇచ్చిన క్వార్టరూ పోతుంది. నలుగురు పిల్లలతో ఎక్కడికి పోవాలని అవ్వ ఏడుపు. మా ఇళ్లలో నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం.

అవ్వ మొక్కని దేవుడు లేడు. దర్గాకు పోయి తాయెత్తు తెచ్చింది. వేములవాడ పోయి రాజన్నకు కోడెను కట్టింది. కోడెను కట్టి వచ్చిన నాడే బాపు రాజన్న పేరు చెప్పుకుని రోజుకంటే ఎక్కువ తాగాడు. నాకు అవ్వ మీద కోపం వచ్చేది. దేవుళ్ల వెంట తిరిగే బదులు ఆయన్ని చెట్టుకు కట్టేయొచ్చు కదా అనేదాన్ని. నాకప్పటికి పదహారేళ్లు, నోటికి అడ్డు లేదు.

మా లైన్ చివరి ఇంట్లో ఒక ముసలాయన ఉండేవాడు. ఆసిఫాబాద్ అవతలి మనిషి, సగం మరాఠీ, సగం తెలుగు. మెడలో తులసిమాల. అందరూ ఆయన్ని బువా అనేవాళ్లు. ఏటా ఆషాఢంలో కొంతమందిని పోగేసి పండరిపురం విఠలుడి దర్శనానికి తీసుకుపోయేవాడు. ఆయన ఒకనాడు అవ్వతో అన్నాడు.

"పంఢరిల మాల ఏస్కున్నోడు మల్ల ముట్టడు బిడ్డా. నీసు లేదు, సారా లేదు. ముడితే ఇఠోబా ఊకోడు."

ఇక అవ్వను పట్టేవాళ్లు లేరు. పండరి, మాల, పండరి, మాల, అంతే. బాపు వస్తానన్నాడు. తాగి అన్నాడో తెలివితో అన్నాడో మాకు తెలియదు. బండి నాడు పొద్దున్నే నేనూ అవ్వా చెరో రెక్క పట్టుకుని స్టేషనుకు నడిపించాం. పెళ్లికొడుకును తీసుకుపోతున్నారా అని దారిలో నవ్వారు. నవ్వేవాళ్లకేం, వాళ్ల పేర్లు కొట్టేయడం లేదు కదా.

స్టేషనులో మాకంటే ముందే పెద్దమ్మ కూర్చుని ఉంది. పెద్దబాపు భార్య. ఆయన పోయాక క్వార్టరు ఖాళీ చేసి తమ్ముడింట్లో ఉంటోంది. బాయి మీద బొగ్గులోంచి రాళ్లేరే పనిలో పెట్టుకున్నారు. మా ఇంటి గడప తొక్కి ఏండ్లయింది. ఎదురైతే అవ్వతో రెండు మాటలు మాట్లాడేది గాని బాపు వైపు చూసేది కాదు. ఆమే బువాను అడిగి ఈ యాత్రకు వస్తోందని అప్పుడే తెలిసింది. అవ్వ మురిసిపోయింది.

"అక్క గూడ వస్తుంది. ఆమె కడుపుల ఇంత సల్లగైతది" అంది.

బాపు ఆమెను చూసి ఇంకో డబ్బాలోకి ఎక్కబోయాడు. నేను చొక్కా పట్టి గుంజాను.

కాజీపేటలో ఒక బండి, సికింద్రాబాదులో ఒక బండి మారి పుణె దాకా పోయాం. తాగుడు లేక బాపు ఒళ్లంతా వణుకు. అన్నం ముద్ద నోటికి చేరేలోగా సగం ఒళ్లో పడేది. అవ్వ ఆయన పక్కనే కూర్చుని చెంబుతో నీళ్లు తాగిస్తూ, జపం చేస్తూ, నా మీద అరుస్తూ వచ్చింది.

పెద్ద భక్తుల ఊళ్లైన దేహూ, ఆళంది చూసుకుని పండరికి రావాలని బువా పద్ధతి. భక్తులకు మొక్కకుండా దేవుడి దగ్గరికి పోతే దేవుడు మొఖం తిప్పుకుంటాడట. ఆళందిలో ఒక భక్తుడి సమాధి ముందు మమ్మల్ని వరసలో నిలబెట్టి ఆయన ఒక రివాజు చెప్పాడు. రోజూ పొద్దున భజన కాగానే గుంపులో ప్రతి మనిషీ ప్రతి మనిషి కాళ్లకూ మొక్కాలి. "మావులీ" అని పిలిచి మొక్కాలి. మావులీ అంటే వాళ్ల భాషలో తల్లి. చిన్నా పెద్దా లేదు, ఆడా మగా లేదు, కులం లేదు. ఒకరు వంగితే రెండోవాళ్లూ వంగాలి.

మొదటిరోజు ముసలి బువా నా కాళ్లకు మొక్కితే నాకు నవ్వూ భయమూ రెండూ వచ్చాయి. అవ్వ ఆయన కాళ్లు పట్టుకుని వదల్లేదు. అయితే నేను ఒకటి గమనించాను. వరస పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి బాపు ఉండడు. నీళ్లు తెస్తానని ఒకనాడు, కడుపు నొప్పని ఒకనాడు. పెద్దమ్మ ఆయన పోయిన దిక్కు చూస్తూ నిలబడేది. పిలిచేది కాదు, పోయేదీ కాదు.

కుర్డువాడిలో చిన్న రైలెక్కి పండరిలో దిగాం. దిగీ దిగగానే హైజా సూదులు, అంటే కలరా రాకుండా, పొడిచారు. ఊరంతా తాళాల మోత, జెండాలు, వాన, బురద. చంద్రభాగ నిండుగా పారుతోంది. గుడి మెట్ల దగ్గర, దేవుడికి ఎదురుగా, ఒక చిన్న సమాధి ఉంది. బువా మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టి కథ చెప్పాడు. ఆ భక్తుడు ఊరవతలి వాడలో పుట్టినవాడు. గుడిలోకి రానిచ్చేవాళ్లు కాదు. కూలికి గోడ కట్టే పనికి పోతే ఆ గోడ కూలి మీద పడింది. ఆయనతో పాటు ఎందరో కూలీలు దాని కింద పోయారు. తరువాత తవ్వితే అందరి ఎముకలూ కలిసిపోయి దొరికాయి.

"ఎవ్వల బొక్కలు ఎవ్వలవో ఎర్కలే. అప్పుడు ఇంకో భక్తుడు పోయి ఒక్కొక్క బొక్క శెవుకు పెట్టుకున్నడు. ఏది ఇఠల ఇఠల అని మోగిందో అది తెచ్చి ఈడ పెట్టిండు."

మా గుంపులో ఎక్కువమంది బాయి పని వాళ్లే. కూలడమంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పెద్దమ్మ ఎవరితోనూ కాదన్నట్టు మెల్లగా అంది.

"మాకు మూటగట్టి ఇచ్చిన్రు. మొఖం సుత సూపియ్యలే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బాపు చటుక్కున లేచి జనంలోకి పోయాడు. అవ్వ గుండెలు బాదుకుంది. రేపు మాల పడాల్సినవాడు ఇప్పుడు దుకాణం వెతుక్కుంటూ పోయాడని ఇద్దరం అనుకున్నాం. అంత జనంలో ఎక్కడని వెతుకుతాం? సారా దుకాణం ఎక్కడుందని అడుగుతూ తిరుగుతుంటే పండరిలో మమ్మల్ని చూసి ఏమనుకున్నారో ఆ విఠలుడికే తెలియాలి. చివరికి నది ఒడ్డున బురదలో కూర్చుని దొరికాడు. అవ్వ ఆయన నోరు వాసన చూసింది. తాగలేదు. నాకు ఆ సంతోషంలో ఏడుపొచ్చింది. ఆయన మాత్రం మేము వచ్చినట్టే ఎరగడు.

మర్నాడు ఏకాదశి. స్నానాలయ్యాక ఇసుకలో మమ్మల్నందరినీ నిలబెట్టి బువా మాలలు తీశాడు. మాల పడేవాళ్లు గుంపులో అందరి కాళ్లకూ మొక్కి రావాలి. ఒక్కరు మిగిలినా మాల పడదు. బాపు ఒక్కొక్కరికీ మొక్కుకుంటూ వచ్చాడు. నాకు మొక్కాడు, నేనూ వంగి మొక్కాను. అవ్వకు మొక్కాడు. అవ్వ ముఖం ఆ రోజు వెలిగినంతగా వెలగడం మళ్లీ ఎన్నడూ నేను చూడలేదు. వరసలో చివర పెద్దమ్మ నిలబడి ఉంది. ఈసారి నీళ్లకు పోయే వీలు లేదు. బాపు ఆమె ముందుకు పోయి, చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మొక్కు" అన్నాడు బువా.

"జర వంగు, నీ పున్నెముంటది" అని అవ్వ బాపు వీపు మీద చెయ్యి వేసి నొక్కింది. "ఒక్కామె మిగిలితే ఏమాయె బువా? మాల ఏసెయ్యి."

"నడవదు" అన్నాడు బువా.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు జేస్తివి గదా!" అని అవ్వ ఆయన మీదకు లేచింది. అవ్వకు అంత కోపం వస్తుందని నేనెరగను.

అప్పుడు పెద్దమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"మరిదీ, నాకొక్కటి జెప్పు. ఆ పొద్దు బొగ్గు ఎత్తెముందు కప్పుకు కట్టెతోని కొట్టి సూసినవు గదా. ఎట్ల మోగింది?"

బాయిలో పని మొదలుపెట్టే ముందు అందరూ చేసే పని అది. కర్రతో పైకప్పును కొట్టి చూస్తారు. గట్టిగా మోగితే కప్పు మంచిది, బోలుగా మోగితే వెనక్కి రావాలి. గట్టిగానే మోగిందని బాపు పంచాయితీలో చెప్పాడు, ఆఫీసులో చెప్పాడు, మాకూ చెప్పాడు.

"బోలుగ మోగింది వదినె" అన్నాడు బాపు. "అన్న బయటికి పోదమన్నడు. ఒక్క టబ్బు నింపుకోని పోదమని నేనే ఆపిన. నిండిన టబ్బు నేను దోసుకపోయిన. అన్న తట్ట కోసం ఎనుకకు పోయిండు."

అని ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఏడ్చాడు. తాగినప్పుడు ఏడ్చే ఏడుపు కాదు అది. మా అవ్వ అక్కడే ఇసుకలో చతికిలబడిపోయింది. అన్నను పోగొట్టుకున్న దుఃఖంతో తాగుతున్నాడని ఆమె ఇన్నాళ్లూ జాలిపడింది. ఊరందరితో ఆయన తరఫున వాదించింది. నాకు బాపు మీద అసహ్యం వేసింది. ఆ వెంటనే, ఆ అసహ్యం నా ముఖంలో కనబడుతుందేమోనని భయం వేసింది.

రివాజు ప్రకారం ఇప్పుడు పెద్దమ్మ వంగాలి. ఆమె వంగకపోతే మాల పడదు. మాల పడకపోతే బాపు బండి దిగుతూనే దుకాణానికి పోతాడు, పేరు పోతుంది, ఇల్లు పోతుంది. అంత తెలిసీ అవ్వకు ఆమెను అడగడానికి నోరు రాలేదు. ఏ ముఖంతో అడుగుతుంది? ఇంతసేపూ బువాతో కొట్లాడిన మనిషి తల వంచుకుని ఇసుక వైపు చూస్తోంది. బువా కూడా మొక్కమనలేదు.

బాపు కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. చుట్టూ వేరే గుంపుల భజనలు, వాన తుంపర. పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కుకుని, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో బాపు పాదాలు పట్టుకుంది. "మావులీ" అంది. తల ఎత్తకుండానే, బాపుకూ, పక్కనున్న నాకూ అవ్వకూ మాత్రమే వినబడేలా చెప్పింది.

"నీ పెండ్లాం నీ తాగుడు బందుగావాలని మొక్కింది. నేను సుత గదే మొక్కుకోని వచ్చిన. తాగితే నువ్వు మరుస్తవు. నాకు మరుపు లేదు, నీకెందుకుండాలె? ఏస్కో, మాల ఏస్కో."

లేచి చేతులకంటిన ఇసుక దులుపుకుంది. బువాకు ఆ మాటలు వినబడలేదు. ఇద్దరూ మొక్కుకున్నారని సంతోషంగా విఠలుడి పేరు తలచి మాల తీసుకుని ముందుకు వచ్చాడు. బాపు మెడ వంచాడు.

ఆ తరువాత ఆయన బతికినన్నాళ్లూ చుక్క ముట్టలేదు. నాగా లేకుండా బాయి దిగాడు, క్వార్టరు నిలిచింది. మా అవ్వను చూసి లైన్లో ఆడవాళ్లు తమ మొగుళ్లను కూడా పండరికి గుంజుకుపోయారు. ఇంట్లో ఎవరైనా పెద్దబాపు ముచ్చట తెస్తే బాపు లేచి బయటికి పోయేవాడు. పోయి ఎక్కడో ఒకచోట కూర్చునేవాడు, పూర్తి తెలివితో.