బీమా కోసం కూల్చిన పురిటిపాక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తగారు నా పెళ్లయిన కొత్తలోనే వీధంతా చాటింది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. మా ఆయన పోయాక అమలాపురంలో నాకు మిగిలింది నాలుగు వాటాల పెంకుటిల్లు ఒక్కటే. ఒక వాటాలో నేనుండి మూడు అద్దెకిచ్చి, ఆ అద్దెల మీదే బతికేదాన్ని. ఒక వేసవిలో ఎదురింటి తాటాకు కప్పు అంటుకుంది. ఈదురుగాలికి చూస్తుండగానే ఇల్లంతా బూడిదైంది. కట్టేసి ఉన్న గేదె తాడు తెంపుకోలేక అరిచిన అరుపు నా గుమ్మంలో నిలబడి విన్నాను. అప్పటి నుంచి ఆర్పిన పొయ్యిని కూడా నమ్మలేకపోయాను.

ఇళ్లకి అగ్ని బీమా ఉంటుందని మా మరిది చెప్పాడు. రామచంద్రపురంలో బీమా ఏజెంటు దగ్గరికి వెళితే ఆయన "కోనసీమలో తాటాకు లేని పెరడు చూపించండి, అప్పుడు రాస్తాను" అని నవ్వాడు. బల్ల మీది సిరాబుడ్డి తీసి మొహాన కొడదామని చెయ్యెత్తాను. మా మరిది నన్ను బయటికి లాక్కొచ్చాడు. కాకినాడ నుంచి వచ్చిన మరో ఏజెంటు మర్యాదస్తుడు. ఇల్లంతా చూసి, పెరట్లో ఇంటి గోడకి ఆనుకుని ఉన్న మూడు వంటపాకల దగ్గర ఆగాడు. అద్దెకున్నవాళ్లు ఒకరి పొయ్యి మీద ఒకరు వండుకోరు, అందుకని ఎవరి పాక వాళ్లు వేసుకున్నారు.

"పెంకు వరకూ ఇబ్బంది లేదండి. ఈ తాటాకుంటే మాత్రం మా కంపెనీ ఒప్పుకోదు. శుక్రవారం వస్తాను. ఈలోగా తీయించేయండి, ఇక్కడే కాయితం రాసేద్దాం" అన్నాడు.

రెండు పాకలు వాళ్లే గొణుక్కుంటూ విప్పుకున్నారు. మూడోది కొబ్బరి కొట్టు గుమాస్తాది. అతని భార్య ఆ పాకలోనే ప్రసవించింది. పదకొండో రోజు స్నానం అయ్యేదాకా ఆమె పెంకుటింట్లో అడుగు పెట్టకూడదు. ఆ పట్టింపు వాళ్లకెంత ఉందో నాకూ అంతే ఉంది. ఆమె మంచం కింద కొబ్బరిచిప్పల నిప్పులతో కుంపటి. గురువారానికి తొమ్మిదో రోజు.

ఆ పొద్దున్నే మా మరిదికి కొడవలిచ్చి వెంటబెట్టుకు వెళ్లాను. గుమాస్తా పాక గుమ్మంలో కూర్చున్నాడు.

"ఎల్లుండితో పురుడెళ్లిపోద్దండి. రెండ్రోజులు ఓపిక పట్టండమ్మగారూ."

"ఆయన వచ్చేది రేపు. లెగవయ్యా గుమ్మంలోంచి."

"పచ్చి బాలింతండి. ఎక్కడ పెట్టుకోమంటారండీ?"

దానికి నా దగ్గర జవాబు లేదు. లేకపోవడంతోనే నాకు ఒళ్లు మండింది. పక్కనున్న వెదురుకర్ర తీసి అతని మూతి మీద కొట్టాను. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. అతను లేవలేదు. భుజం మీద ఇంకోటి వేశాను, ఆ తర్వాత ఎన్నో నాకే తెలియదు. లోపల్నుంచి భార్య బిడ్డనెత్తుకుని పరుగెత్తుకొచ్చి అతని మీద పడింది. ఇద్దర్నీ జబ్బలు పట్టి పక్కకి ఈడ్చేశాను. పాక ఖాళీ అయింది కదాని మా మరిది కట్లు కోశాడు. కప్పు ఒక్కసారిగా కుప్పకూలింది.

లోపలి కుంపటి సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

పొగ కనిపించేలోపే మంట లేచి మా ఇంటి చూరు నాకింది. పెంకులు ఫట్ ఫట్‌మని పగులుతున్నాయి. మా మరిది కొడవలి పారేసి వీధిలోకి పరుగెత్తాడు. నేను వెదురుకర్ర పట్టుకునే నిలబడ్డాను. రక్తం కారుతున్న మూతితోనే గుమాస్తా మండుతున్న తాటాకుల్ని ఉత్త చేతుల్తో పట్టి గోడకి దూరంగా లాగాడు. వాటాలవాళ్లు నూతి నీళ్లు తోడి పోశారు. ఇల్లు నిలిచింది. అతని అరచేతుల తోలు ఊడిపోయింది.

ఆ రోజంతా బాలింత, అడ్డంగా కట్టిన గోనెపట్టాల వెనక, నూతి దగ్గరే ఉండిపోయింది. నేను నా తలుపు తీయలేదు.

మర్నాడు ఏజెంటు వచ్చి, పాకలు లేవని సంతోషించి, కాయితంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగాడు. నల్లబడ్డ చూరు దగ్గర ఆగాడు. "ఈ ఇంట్లో ఎప్పుడైనా నిప్పంటుకుందాండి?"

"లేదండి. ఆ మసి పొయ్యిలది, పెంకులు కొబ్బరికాయలు పడి పగిలాయి" అన్నాను.

ఆయన చూపు గుమాస్తా మీద పడింది. చిట్లిన మూతి, కాలినచోట సున్నపుతేటా కొబ్బరినూనే రాసి గుడ్డలు చుట్టిన చేతులు. "ఏమయిందండీ?" అనడిగాడు. నా ఇల్లు, నా బతుకు గుమాస్తా నోటిమాట మీద ఉన్నాయి.

"గంజి వారుస్తూ కాలు జారి పడ్డానండి" అన్నాడు అతను, నావైపు చూడకుండా.

కాయితం రాయడం అయింది. ఏజెంటు వెళ్లాక నాకు సిగ్గేసింది. పురుడూ లేదు, పట్టింపూ లేదు, బాలింతనీ బిడ్డనీ నా గదిలోకి తీసుకురమ్మని గుమాస్తాతో అన్నాను.

"ఆయ్. తీసుకొస్తానండి" అని రెండడుగులు వేసి ఆగాడు. "మళ్లీ ఎప్పుడు బయటికెళ్లిపోమంటారండీ? ముందే చెబితే సర్దుకుంటాం."

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకు నిప్పంటే ఎంత భయమో, ఆ మనిషికి నేనంటే అంత భయం. బీమా కాయితం చేతిలో పట్టుకునే, నా గది తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకున్నాను.