అవ్వకు చెప్పిన హిందీ నాటకం

మా బొగ్గుబావుల కాలనీకి మొట్టమొదటి టీవీ తెచ్చింది నేనే. ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పాను. మేనేజరు బంగళాలో అంతకుముందే ఒకటి ఉండేది. కానీ ఆ గుమ్మం దాటి చూసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. మా వరుస క్వార్టర్లలో మాత్రం నాదే మొదటిది. పక్కకు జరిపే చెక్క తలుపులు, కింద నాలుగు కాళ్లు, లోపల నలుపు తెలుపుల బొమ్మ. నాటకం వచ్చే సాయంత్రం కాలనీ మొత్తం మా ముందుగదిలోనే ఉండేది. మొత్తం అంటే, ఆ గదిలో పట్టినంత మంది.

ఆ నాటకం హిందీది, వారానికి ఒక భాగం. మా ఆడవాళ్లకు హిందీ రాదు. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి తెలుగులో చెప్పే పని నామీద పడింది. చదవడమంటే రెండో తరగతి దాకా. ఆ తర్వాత సర్కారు మారింది, బడిలో భాష మారింది. అయినా తెర మీది మనిషి ఒక మాటంటే నేను నాలుగు చెప్పేవాణ్ణి.

"గామె గింతనే అన్నది, నువ్వు గంత చెప్తున్నవేందిరా?" అనేది మా అవ్వ.

"హిందీ గట్లనే ఉంటదవ్వా. పిడికెడు మాటకు తట్టెడు అర్థం."

అవ్వ నమ్మేది. నమ్మేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

కథ చిన్నదే. రైలు స్టేషను పక్కన ఒక ఊరు. అందులో ఒక తల్లి, కోడలు. పెద్ద కొడుకు పట్నంలో మిల్లు పనికి పోతాడు. మొదటి వారమే అవ్వ తెరకు దగ్గరగా జరిగి కూర్చుంది. ఎందుకో గదిలో అందరికీ తెలుసు. ప్రత్యేక రాష్ట్రం కావాలని బళ్లన్నీ మూతబడిన ఏడాది మా అన్న సాంచెల పనికని భీవండి పోయాడు. అక్కడ మగ్గాలు కరెంటుతో నడుస్తాయి, చేతినిండా పని అని చెప్పి పోయాడు. రెండేళ్లు వస్తూ పోతూ ఉన్నాడు, ఆ తర్వాత రాలేదు. బాపు ఉన్నప్పుడే మనుషులను పంపి వెతికించాం. ఆచూకీ దొరకలేదు. పెత్రమాస నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు ఏటా మా ముఖాలు చూసేవాడు, అన్న పేరు కలపాలా వద్దా అని. అవ్వ తల అడ్డంగా ఊపేది. అంతే. ఇంట్లో ఇంకెవరం నోరెత్తేవాళ్లం కాదు.

నాటకం సగంలో ఉండగా ఒక వారం పట్నం నుంచి కొడుకు స్నేహితుడు మూట పట్టుకుని వచ్చాడు. గడప బయటే నిలబడి, నీ కొడుకు జ్వరంతో పోయాడమ్మా అని చెప్పాడు. అంతమాత్రం హిందీ నాకు వచ్చు. తల్లి గోడకు ఆనుకుని కూలబడింది.

"ఏమంటుండురా?" అంది అవ్వ.

"వేరే మిల్లుల పని దొరికిందట. సామాను ముందుగాల పంపిండట."

"మరి గామె గట్ల కూలబడ్డదేంది?"

"సంతోషానికి."

పక్క క్వార్టరులో ఉత్తరాది కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలికి ఒక్క ముక్క వదలకుండా అర్థమైంది. నావైపు చూసింది, అవ్వవైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక అబద్ధం చెప్పి ఊరుకోవచ్చనుకున్నాను. వారంవారం వచ్చే నాటకంలో అది కుదరదు. తర్వాతి భాగంలో గోడ మీద కొడుకు ఫోటో, దానికి దండ. పుట్టినరోజుకు ఫోటోలకు దండలు వేయడం వాళ్ల దిక్కు రివాజు అన్నాను. కోడలు తెల్లచీర కట్టింది. అక్కడ నన్ను ఆ టీవీయే కాపాడింది. అందులో అందరివీ తెల్లచీరలే, ఎవరి నొసట బొట్టు ఉందో ఎవరికి లేదో తెలియదు. తల్లీ కోడలూ స్టేషను ముందు చాయ్ దుకాణం పెడితే, కొడుకు వచ్చేసరికి ఇల్లు కట్టడానికట అన్నాను. ఆఖరి భాగంలో బండి వచ్చి ఆగింది, పోయింది. కొడుకు దిగలేదు.

"రాలే గద," అంది అవ్వ.

"వచ్చే బండిల వస్తడట."

ఏళ్లు గడిచాయి. నేను రిటైరై కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. అవ్వకు రెండు కళ్లకూ పొర తీసి అద్దాలు ఇచ్చారు. ఇప్పుడు ఏం చూస్తావు బాపమ్మా, ఏ గుడికి తీసుకపోవాలె అని మా అమ్మాయి అడిగింది.

"గుడి ఏడికి పోతది బిడ్డా. నాకు గా నాటకం చూపియ్యి."

మా అమ్మాయి అప్పుడు హిందీ పండిత్ ట్రైనింగులో ఉంది. బస్టాండు దగ్గర వీడియో షాపులో అడిగి క్యాసెట్లు సంపాదించింది, ఆదివారానికి వీసీఆర్ కిరాయికి తెచ్చింది. నేను చేయగలిగిందంతా చేశాను. టేపు నలిగిందన్నాను, రీలు చిక్కుకుంటుందన్నాను, దానికంటే దేవుడి సినిమా తెచ్చుకుంటే పుణ్యమన్నాను.

"నీకేం పరేషాన్ బాపూ? నువ్వు జర పండుకో, బాపమ్మకు నేను చెప్త," అంది.

నేను పండుకోలేదు. మా కొత్త కలర్ టీవీలో బొమ్మ పడగానే అవ్వ, "గిదేందే, గింత పెద్ద టీవీల గూడ రంగులు రాలేదు," అంది. తీసిందే నలుపు తెలుపుల్లో బాపమ్మా అని మా అమ్మాయి నవ్వింది. ఒక్కొక్క మాటే చెబుతూ పోయింది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. వింటుంటే నాకు సిగ్గేసింది. ఎంత చిన్న నాటకమో అది. నేను కట్టిన మేడలేవీ అందులో లేవు.

మధ్యాహ్నానికి ఆ మూట మనిషి గడప బయటికి వచ్చి నిలబడ్డాడు. నేను పులిలా లేచి వీసీఆర్ ఆపబోయాను. లేచాననడం కూడా ఎక్కువే. మోకాళ్లు పట్టుకుని సగం లేచేసరికి వాడు చెప్పాల్సింది చెప్పేశాడు.

"నీ కొడుకు..." అని మా అమ్మాయి ఆగిపోయింది. పెద్దబాపు సంగతి దానికీ తెలుసు. నావైపు చూసింది.

"ఆపినవేందే? ఏమన్నడు?"

అవ్వ అద్దాలు సర్దుకుని నావైపు తిరిగింది. "నువ్వు చెప్పురా."

వేరే మిల్లు, ముందుగా పంపిన సామాను, అంతా నాలుక మీద సిద్ధంగానే ఉంది. ఆ అద్దాల వెనక కళ్లు పెద్దగా కనిపించాయి. అబద్ధం చెప్పాలంటే వాటిలోకి చూస్తూ చెప్పాలి.

"సచ్చిపోయిండవ్వా. పట్నంల జరమొచ్చి సచ్చిపోయిండట."

వంటింట్లోంచి వస్తున్న మా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. తెర మీద ఆ తల్లి లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి గడప బయటి మనిషికి ఇచ్చింది. ఇదివరకు చూసినప్పుడు నేను దాన్ని గమనించనే లేదు. అప్పుడు నా కథ నేను చెప్పుకుంటూ ఉన్నాను.

"నీళ్లిచ్చింది," అంది అవ్వ మెల్లగా. "గసొంటి కబురు తెచ్చినోనికి నీళ్లిచ్చింది."

అన్న ముచ్చట ఎత్తుతుందనుకున్నాను, లేకపోతే ఇన్నేళ్లు నన్నెందుకు మోసం చేశావంటుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని మా ఆవిడ దగ్గరికి వచ్చింది. అవ్వ చేత్తో పక్కకు జరగమంది, బొమ్మ కనబడటం లేదని.

"మరి గాడు పోయినంక ఆమె ఎట్ల బత్కింది?"

మా అమ్మాయి మళ్లీ నావైపు చూసింది.

"చెప్పు బిడ్డా," అంది మనుమరాలితో. "గీడికెల్లి నువ్వే చెప్పు. నీ బాపును సప్పుడు చెయ్యకుంట కూసొమ్మను."

కూర్చున్నాను. అన్నం చల్లారింది. ఫోటో వచ్చింది, దండ వచ్చింది. అవ్వ ఏమీ అడగలేదు. కోడలు పడుకోకుండా కూర్చుంటే అత్త ఏమన్నదో అడిగింది, ఆమె పొద్దున్నే లేచి ఏం చేసిందో అడిగింది. ఒకచోట వెనక్కి తిప్పించి మళ్లీ చూసింది. తెలియని ఊరికి పోయేవాళ్లు దారి అడిగినట్టు అడిగింది. ఆ ఇంటి దారి అవ్వకు ఎప్పుడో దొరికి ఉండేది, మధ్యలో నేను అడ్డం కూర్చోకపోతే. అన్నను బతికించి పెట్టానని నేను గర్వపడుతూ వచ్చాను. కొడుకు పోయాక కూడా బతికిన ఒక ఆడమనిషిని అవ్వకు కనబడకుండా చేశానని అప్పటిదాకా తట్టలేదు.

స్టేషను ముందు చాయ్ దుకాణం తెరిచారు. తల్లి పొయ్యి ముట్టించి కూర్చుంది. అవ్వ ముందుకు వంగింది.

"మొదటి దినం ఎవలన్న వచ్చిన్రానే?"

"ఒక్కలే వచ్చిన్రు బాపమ్మా. గా స్టేషను కూలీ ఒక్కడే."

బండి దిగిన జనమంతా ఆ దుకాణం ముందు కిటకిటలాడారని చెబుదామని నా నోటిదాకా వచ్చింది.

"ఒక్కడొచ్చినా మంచిదే," అంది అవ్వ.

నేను ఊరుకున్నాను.