ఉంటున్న ఊరు, అసలు ఊరు

ఎవరు పరిచయమైనా మా టీమ్‌లోని కరీంనగర్ అన్న ముందు అడిగేది ఊరే. పెళ్లిచూపులకి వచ్చినట్టు ఆ ఆరా ఏమిటని నాకు చిరాకు. ఆ శుక్రవారం పార్సిప్పనీ ఆఫీసులో, మైక్రోవేవ్ దగ్గర, కొత్తగా చేరిన అమ్మాయినీ అదే అడిగాడు.

"ఎడిసన్ అండీ."

"అది ఉంటున్న ఊరు. అసలు ఊరు?"

"తణుకు."

పప్పు డబ్బా నా చేతిలో అలాగే ఉండిపోయింది. సోమవారం మొదలుపెట్టబోతున్న మా ప్రోగ్రాం సరిగ్గా ఈ తప్పే చేస్తోంది.

మా క్లయింట్ యంత్రాల విడిభాగాలు అమ్ముతుంది. జర్మనీలో తయారైన సరుకు బ్రిటన్ గోదాముకి వచ్చి, అక్కణ్ణుంచి ఐర్లండ్ వెళ్తుంది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ అది ఒకే ఇంట్లో గది మారినట్టు, అడిగే నాథుడు లేడు. విడిపోయాక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం రాసుకున్నారు గానీ అందులో మెలిక ఉంది. బ్రిటన్‌లో తయారైన వస్తువుకే సుంకం ఉండదు, బ్రిటన్‌లో ఆగి వెళ్లే వస్తువుకి కాదు. నేనేమో యూనియన్ రోజుల నాటి సిస్టమ్‌లోంచి ఒక లైను తెచ్చి అతికించాను: గోదాము ఎక్కడుంటే సరుకు అక్కడిదే. ఇక ప్రతి పెట్టె మీదా కస్టమ్స్‌కి అబద్ధం చెప్తాం.

మూడింటికి క్లయింట్ మేనేజర్‌తో చివరి కాల్. అన్నని పక్కకి పిలిచి చూపించాను. ఆ కోడ్ రివ్యూ చేసి ఓకే అన్నది తనే.

"ఇప్పుడు జెప్తే సోమవారం గో లైవ్ ఆగుతది. నీ ఎక్స్‌టెన్షన్ లెటర్ ఇంకా రాలే గదా?"

రాలేదు. క్లయింట్ ఆ లెటర్ ఇస్తేనే నా హెచ్1బి వీసా పొడిగింపు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే సామాను సర్దుకుని దేశం వదలాలి.

"తర్వాత మెల్లగ ఫిక్స్ చేద్దం. ఎవ్వరికి తెల్వది."

నాకు ఒళ్లు మండింది. తను తప్పించుకోడానికి నన్ను బెదిరిస్తున్నాడనుకున్నాను. తిలాపాపం తలా పిడికెడు, మొత్తం నా నెత్తిన రుద్దితే ఊరుకుంటానా? రివ్యూలో తన పేరున్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో దాచాను.

కాల్‌లో చెప్పేశాను. మేనేజర్ ఒకటే అడిగింది, ఈ లైను ఎవరి పని అని.

స్క్రీన్‌షాట్ ఉన్న ఫోన్ పట్టుకుని నేను నోరు తెరిచేలోపే అన్న మైక్ అందుకున్నాడు. చూసి సరేనన్నది తనేననీ, పట్టుకున్నది మాత్రం నేననీ, ఎవరినైనా తీసేయాలంటే తనను తీసేయమనీ అన్నాడు. లైను రాసింది నేనన్న మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండు వారాల ఆలస్యంతో సిస్టమ్ మొదలైంది. నా లెటర్ వచ్చింది. అన్నని నెలాఖరుకి పంపేశారు.

ఆఖరి రోజు లిఫ్ట్ దాకా వెంట వెళ్లాను. "అన్నా, కరీంనగర్‌లో మీదెక్కడ?" అన్నాను.

"కరీంనగర్ల చదువుకున్న, అంతే. మాది హుజూరాబాద్ అవతల చిన్న ఊరు. రెండేండ్లకు అడిగినవ్."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ స్క్రీన్‌షాట్ అప్పటికీ నా ఫోన్‌లోనే ఉంది.