నమలకూడని ముద్ద

మా ఇంట్లో రాగిసంగటిని నమలరు. ముద్ద తుంచి, పులుసులో ముంచి గుటుక్కున మింగాలి. చిన్నప్పుడు నాకు అది నేర్పింది నాయనే. మూడేళ్ళ నా కూతురికీ ఆయనే నేర్పాడు.

పోయిన ఎండాకాలం నాయన, అమ్మ చిత్తూరు నుంచి తిరుపతిలోని మా ఇంట్లో కొన్నాళ్ళు ఉందామని వచ్చారు. నాయన సంగటిని నములుతున్నాడు. ముద్దకొకసారి నీళ్ళు తాగుతున్నాడు.

"ఏం నాయనా, టౌనోళ్ళ మాదిరి నములుతా ఉండావే?" అన్నాను.

"మీ నాయనకి కొత్త పండ్లు మొలిచినాయిలే," అంది అమ్మ.

ఆయనా నవ్వాడు. "గ్యాసు మ్మా," అన్నాడు.

నేను డిగ్రీ చదివినదాన్ని. పాప రెండుసార్లు దగ్గితే డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఆయన మూడు నెలలు అట్లా నములుతుంటే ఎగతాళి చేస్తూ కూర్చున్నాను. చివరికి మెత్తటి అన్నం కూడా అడ్డం పడ్డాక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అన్నవాహికలో గడ్డ. క్యాన్సర్.

ఇప్పుడు ఇద్దరూ మా దగ్గరే ఉన్నారు. ఇక్కడే రేడియేషన్ ఇప్పిస్తున్నాం. రాగిజావను గుడ్డలో రెండుసార్లు వడగట్టి ఇస్తాను. గ్లాసుడు తాగడానికి గంట పడుతుంది. సగం వెనక్కి వస్తుంది. మళ్ళీ కాస్తాను. ఒకసారి పాప గొంతు, ఒకసారి నాయన గొంతు చూస్తూ కూర్చుంటాను. నేనేం తిన్నానో సాయంత్రానికి గుర్తుండదు.

బరువు ఇట్లాగే తగ్గితే రేడియేషన్ ఆపాల్సి వస్తుందనీ, పొట్టలోకి గొట్టం పెట్టి ఆహారం పంపుదామనీ డాక్టరు నెల కిందటే చెప్పాడు. నాయన ఒప్పుకోలేదు.

"నోరుండంగా పొట్టకు తూటెందుకు మ్మా? మింగతాలే."

ఈ రాత్రి పాప తన పళ్ళెంలోంచి చిన్న ముద్ద తీసి ఆయన నోట్లో పెట్టేసింది. నేను వంటింట్లోంచి వచ్చేలోపే ఆయన నములుతున్నాడు. చాలాసేపు నమిలాడు.

"నమలద్దు తాతా, మింగు!" అంది పాప.

కళ్ళు మూసుకుని ప్రయత్నించాడు. మెడ నరాలు తేలాయి. దగ్గు వచ్చింది. ముద్దను తువ్వాలులోకి ఉమ్మి, పాపకు కనపడకుండా మడిచాడు.

"మింగినావా?"

"మింగినా తల్లీ."

పాప చేయి కడుక్కోవడానికి పోయింది.

"రేపు ఆ గొట్టమేదో పెట్టమని చెప్పు మ్మా," అన్నాడు. తువ్వాలు పక్కన పెట్టి, "సంగటి బాగుండాది. ఉప్పే రవ్వంత తక్కువ."

నెల రోజులుగా ఆ మాట కోసమే బతిమాలుతున్నాను. తీరా అన్నాక, తువ్వాలు తీసుకుని ఉతకడానికి పోయాను.